కుక్క చేత ఏకాదశి చేయించాను

ఒక చచ్చిన కుక్కను నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. హరికథలో చెప్పుకోదగ్గ పాపాలు కొన్ని ఉంటాయి. చేసినవాడికి కూడా వాటివల్ల కాస్త గొప్పదనం అంటుకుంటుంది. నాది ఆ జాతి పాపం కాదు. ఇందులో ఒక కుక్క ఉంది, నేతి మిఠాయి పొట్లం ఉంది, ఆ కుక్క కోసం ఇంట్లో కలిపిపెట్టిన రాగి సంగటి ఉంది, ఆ సంగటి దాని నోటికి పోకుండా అడ్డం నిలబడిన నేనున్నాను. ఆ తరువాత శాస్త్రం పేరుతో ఆడిన ఒక అబద్ధం ఉంది. ఆ అబద్ధాన్ని నమ్మి నా భార్య ప్రతి ఏకాదశికీ మంచినీళ్లయినా ముట్టకుండా ఉంటూ వచ్చింది. డాక్టరు వద్దన్నాడు. ఆమె వినలేదు. ఎందుకు వింటుంది? నా మాట ఆమెకు డాక్టరు మాటకంటే పెద్దది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. తెలిసినవాళ్లకు చెప్పి చూశాను. ఆ సంగతి చివర వస్తుంది.

ఒకటి ముందే చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్మినవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతాను. పొద్దున స్నానం చేసి ఆయన ముందు కూర్చోకపోతే నాకు ముద్ద దిగదు. ఇది చదివి భక్తులంతా ఇంతేనని తేల్చేసుకుని కాలు మీద కాలేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లన్నా నాకు అసహ్యమే. తప్పు ఆయనది కాదు. ఆయనకు చెయ్యవలసిన పూజను నాకు చేయించుకున్నాను, అంతే. నమ్మకం లేనివాడు ఈ పని చేసి ఉంటే మోసగాడని ఒక్క మాటతో పోయేది. నమ్మి చేసినవాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు.

మాది నగర్తపేట. జరీ, లేసు అంగడి. కింద అంగడి, వెనక ఇల్లు, పెరట్లో బావి, పైన మిద్దె. ఆ మిద్దె మీద శనివారాలూ ఏకాదశులూ భజన కూటం జరిగేది. చిన్నతనంలో ఒక పండితుడి దగ్గర సంస్కృతం, కొంత ధర్మశాస్త్రం చదువుకున్నాను కనుక భజన అయ్యాక నాలుగు మాటలు చెప్పే పని నాది. అందరూ నన్ను స్వామీ అని పిలిచేవారు. అంగడిలో ఆ పిలుపు వినబడితే కొలకర్ర పట్టుకున్న చేయి ఒక్క క్షణం ఆగేది. అంత తీపి నాకు ఆ పిలుపు.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు దండులో, అంటే దొరలుండే కంటోన్మెంటులో, ఇంకా కొన్ని దొరల కుటుంబాలు ఊరు విడిచి పోతూ ఉండేవి. వాళ్లలో ఒక ముసలి దొరసాని మా దగ్గర గౌన్లకు లేసు కొనేది. పోయే ముందు తన కుక్కను తీసుకొచ్చి అంగడి మెట్టు మీద కూర్చోబెట్టి, దాని తల నిమిరి, ఏమీ అడగకుండా ఏడుస్తూ వెళ్లిపోయింది. వద్దనడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. అలా వచ్చింది మా ఇంటికి. గోధుమ రంగు, వేలాడే చెవులు. అక్కడ దాని పేరు టామీ.

మాంసం తిన్న కుక్క. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా రాదు. మొదటి వారం అది ఏదీ ముట్టలేదు. నా భార్యది కె.ఆర్.పురం, రాగులు పండించే ఇల్లు. ఆమె రాగి సంగటి మజ్జిగలో పిసికి, ఒక చుక్క నెయ్యి వేసి, చిన్న చిన్న ఉండలు చేసి అరచేతిలో పెట్టుకుని పెరటి గడప దగ్గర కూర్చునేది. పిల్లలు లేని ఇల్లు మాది. ఆమెకు అలా కూర్చోవడానికి ఎంతసేపైనా తీరిక ఉండేది. ఒకరోజు అది వచ్చి ఆ చెయ్యి నాకింది. అప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం ఆమె చేతి సంగటి తినేది. తిని ఆమె చీర కుచ్చిళ్ల మీద గడ్డం పెట్టుకుని పడుకునేది.

మా కూటం వాళ్లకు ఇది కనబడలేదు. దండు కుక్క మాంసం మానేసిందన్నదే కనబడింది. భజన గాలి తగిలి మానేసిందన్నారు. నేను కాదనలేదు. ఎన్ని మధ్యాహ్నాలు ఆమె ఆ గడప దగ్గర చెయ్యి చాచి కూర్చుందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఆ శనివారం నామమహిమ మీద గొంతెత్తి మాట్లాడాను. టామీ అన్న పేరు తీసేసి దాసు అని పెట్టాం.

తరువాత ఒక దశమినాడు మా వీధిలో పెళ్లి జరిగింది. ఎంగిలి విస్తళ్లు గుట్టగా పడ్డాయి. దాసు వాటిలో పడి కడుపు పగిలేట్టు తిన్నది. నేనే మెడపట్టి ఇంటికి లాక్కొచ్చాను. మరునాడు ఏకాదశి. నా భార్య ముందురోజు సంగటి మజ్జిగలో నానబెట్టి ఉంచింది దానికి. అది వాసన చూసి తల తిప్పుకుంది. మిద్దెక్కి భజన జరిగే చోట గడప దగ్గర పడుకుంది.

"ఏమప్పా, ఇదేంది! మన దాసు ఏకాదశి ఉండాడు!" అన్నాడు ఒకడు తాళం ఆపి.

"మా అల్లుడికంటే మేలప్పా. వాడు ఏకాదశి చూసుకొని మరీ మాంసం తినేకి మిలిటరీ హోటలుకి పోతాడు," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

అక్కడితో నవ్వుగా పోవలసింది. కానీ కూటానికి పెద్ద, ఇత్తడి పాత్రల వ్యాపారి, మేము పెద్దశెట్టి అని పిలిచే ఆయన నవ్వలేదు. లేచి కుక్క దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "దొరలింట్లో యాటమాంసం తిన్న ప్రాణం ఇది. సుమ్నే, ఉత్తగా పోయే విషయం కాదప్పా. స్వామీ, ఏమంటారు మీరు?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణాన్ని నేను చాలాసార్లు తిప్పి చూసుకున్నాను. నిన్న పెళ్లి విస్తళ్లు నాకిందయ్యా అంటే సరిపోయేది. ఇంకో నవ్వు నవ్వి తాళం అందుకునేవారు. ఎందుకనలేదు? భయమా? భయపడేందుకు అప్పటికి ఏమీ లేదు. అంతమంది కళ్లు నా నోటి కోసం ఎదురు చూస్తున్నాయి. ఆ ఎదురుచూపును ఎంగిలి విస్తరితో ముగించడం నాకు ఇష్టం లేకపోయింది. పూర్వజన్మలో ఎవరో యోగభ్రష్టుడు, వ్రతం మిగిలిపోయి ఈ కుక్క దేహంలో తీర్చుకుంటున్నాడు అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. ఆడవాళ్లలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఇంత మూర్ఖులా మీరు అని లోపల అనుకున్నాను. వాళ్లను అలా అనుకుంటూనే వాళ్ల కన్నీళ్లను తాగాను.

తరువాతి ఏకాదశికి చూడ్డానికి జనం వస్తారని పెద్దశెట్టి ముందే చెప్పాడు. చిక్కపేట నుంచి, తరగుపేట నుంచి. దశమి పొద్దుటినుంచే నాకు దిగులు. అది మామూలు కుక్క. ఆకలేస్తే తింటుంది. అందరి ముందూ సంగటి పళ్లెంలో మూతి పెడితే నా యోగభ్రష్టుడి గతేమిటి? సాయంత్రం దాన్ని గొలుసు కట్టి షికారుకని బయటికి తీసుకుపోయాను. మిఠాయి అంగడిలో నేతి మైసూరుపాకు, బూందీ లడ్లు కట్టించాను. మా సరుకు దాచుకునే కొట్టు ఒకటి పక్క సందులో ఉంది. తలుపు వేసి, ఆకు పరిచి, దాని ముందు పెట్టాను. అది నా ముఖం చూసి, ఆకు చూసి, మళ్లీ నా ముఖం చూసి తినడం మొదలుపెట్టింది. ఇంక వద్దని ముఖం తిప్పుకున్నా నేను చేత్తో నోట్లో కుక్కాను.

దశమినాడు నేను ఒంటిపూట భోజనం చేసేవాణ్ణి. ఆ నియమం ఒక్కసారి తప్పలేదు. ఖాళీ కడుపుతో, నుదుట నామంతో, కుక్క నోట్లో మైసూరుపాకు కుక్కుతూ నేను. ఈ దృశ్యం కంటే నీచమైనది ఇంకొకటి నా జీవితంలో ఉందనుకునేవాణ్ణి కాదు. ఉంది. వస్తోంది.

మరునాడు దాసు సంగటి ముట్టలేదు. మిద్దె మీద జనం నామం పలికిన చప్పుడుకు కింద అంగడి అద్దాలు అదిరాయి. అప్పటినుంచి ప్రతి దశమీ అదే పని. నా భార్య ఆ రోజుల్లో కూడా దాని సంగటి కలిపి ఉంచేది. అది వాసన చూసి పోయేది. ఆమె ఆ ముద్ద తీసి గోడ మీద కాకులకు పెట్టేది.

దాసు నుదుట తిరునామం పెట్టారు. మెడలో తులసి పూస కట్టారు. దాని కాళ్లకు మొక్కి పెళ్లిచూపులకు పోయిన ఆడపిల్లలున్నారు. వ్యాపారం మొదలుపెట్టే ముందు దాని చేత గల్లాపెట్టె తాకించుకున్న పెద్దమనిషి ఉన్నాడు. అది ఆ పెట్టె మీద ఒంటికి పోసింది, అది కూడా తీర్థమే అన్నాడు. ఇలాంటివాళ్ల మధ్య అబద్ధం చెప్పడం కష్టమేమీ కాదు. నిజం చెప్పడానికే చోటు దొరకదు. వాళ్ల మీద తోసేస్తున్నానా? తోస్తున్నాను. ఇంతా రాస్తూ ఇంకా తోస్తూనే ఉన్నాను, చూడండి. ఇతర పేటల కూటాలు నన్ను పిలవడం మొదలుపెట్టాయి. దాసు గారి స్వామి అనేవారు. కుక్క పేరుతో నన్ను గుర్తుపడుతున్నందుకు నేను చిన్నబుచ్చుకోలేదు. పొంగిపోయాను.

కొన్నాళ్లకు దాసు ఒళ్లు ఊరింది. వీపు మీద వెంట్రుకలు రాలాయి. ద్వాదశి పొద్దున కక్కేది. ఏకాదశి అయిన మరునాడే ఏంటికిట్ల కక్కుతాదని నా భార్య అడిగింది. శుద్ధి అవుతోందన్నాను. పశువుల ఆసుపత్రికి పిలుచుకొని పోదామంది. అక్కడ ఏం తిందని అడుగుతారు. నేను ఒప్పుకోలేదు.

ముక్కోటి ఏకాదశి వచ్చింది. మిద్దె చాలదని వీధిలో పందిరి వేశారు. దానికి ముందు రెండు రోజులుగా దాసు నిజంగానే ఏమీ తినలేదు. బావి పక్కన రాతి మీద పడుకుని ఉండేది. పిలిస్తే తోక కొస కదిలేది. నాకేమనిపించిందో చెప్పాలి. చెప్పకపోతే ఈ రాత అంతా దండగ. హమ్మయ్య అనిపించింది. ఈ దశమికి మిఠాయి కొనే పని తప్పింది అనుకున్నాను. ఇంతకంటే కింద ఇంకొక మెట్టు ఉందని మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

ఏకాదశి మధ్యాహ్నం. పందిట్లో నామం జరుగుతోంది. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాను. నా భార్య దాసు తల ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఏమండి, దాసు లెయ్యలేదు."

"ఈ పొద్దు లెయ్యకపోతే ఏమి? వ్రతంలో ఉండాది."

"వ్రతమేందండి? నిన్నా తినలేదు, మొన్నా తినలేదు. మొన్న నవమి. నవమికి కూడా వ్రతముండాదా?"

"మెల్లగా మాట్లాడు. బయట జనముండారు."

"ఉండనీండి. దీని ముక్కు చూడండి, ఎట్ల ఎండిపోయి ఉండాదో. రాగి గంజి పల్చగా కాచి నాలుగు చుక్కలు పోస్తా. వంటింట్లో కాదు. ఆ బావి వెనక ఇటుకలు పెట్టుకొని కాస్తా. మళ్లా తలకు పోసుకొనే లోపలికి వస్తా."

"ఏకాదశినాడు ఈ ఇంట్లో గింజ ఉడికేది లేదు."

"పోయిన నెల ఏకాదశికి మీకి జరమొస్తే నేను గంజి కాచలేదా? రోగికి దోషం లేదని మీరే చెప్తిరి గదా."

"నేను మనిషిని. అది కుక్క."

"అవునండి. అందుకే అడుగుతాండా." ఆమె దాని చెవి నిమురుతూనే ఉంది. "మనిషికైతే పుణ్యం కావాల. కుక్కకి పుణ్యమేంటికండి?"

శాస్త్రం చదివినవాణ్ణి. రోగికీ, పసివాళ్లకూ ఉపవాస విధి లేదని, నోరులేని ప్రాణికి అసలు విధే లేదని, గృహస్థు తాను తినేముందు కుక్కకు ఇంత అన్నం పెట్టాలని నాకు బాగా తెలుసు. అదే శాస్త్రం అందరికీ చెప్పి దండలు వేయించుకున్నాను. జవాబు లేనివాడు చేసే పనే చేశాను. "కాచినావంటే ఇంక ఈ ఇంట్లో దేవుడి వంట నీ చేతి మీద జరగదు" అని చెప్పి కాళ్లు కడుక్కోకుండానే పందిట్లోకి పోయాను.

ఆమె కాచింది.

నోటితో తాగలేకపోతే వేళ్లతో నాలుక మీద రాసింది. దాసు రెండు మూడు సార్లు నాకింది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన పెద్దశెట్టి భార్య అది చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు. పందిట్లో నామం ఆగిపోయింది.

"ఏమప్పా," అన్నాడు పెద్దశెట్టి, "వ్రతం చెడిందంట గదా?"

పెరటి వాకిట్లో ఆమె నిలబడి ఉంది, చేతికి గంజి అంటుకుని. అంతమంది ముందు నేను ఆమె వైపు చెయ్యి చూపించి, "చెరిపింది ఆమె" అన్నాను.

మరునాడు పొద్దున, మేము పారణకు కూర్చునే వేళకు దాసు చనిపోయింది. నేతి మిఠాయిలు దాని కడుపును ఎన్నాళ్లనుంచి కాల్చాయో నాకు తెలుసు. ఆ పొద్దున వచ్చిన జనానికి తెలిసింది ఒక్కటే: వ్రతభంగం జరిగింది, ప్రాణం పోయింది. దాసు ఎలాగూ వైకుంఠానికి పోయాడు, పాపం మాత్రం పెట్టిన చేతిదే అని తీర్మానించారు. నా భార్య దాని పక్కన కూర్చోబోతే ఆడవాళ్లు పట్టి ఆపారు. తులసిదళాలు వేసి, ఊరి బయట ఒక తోటలో పాతిపెట్టి వచ్చారు.

ఆ సాయంత్రం మిద్దె మీద పెద్దశెట్టి అడిగాడు: "దీనికి ప్రాయశ్చిత్తం ఏముండాది స్వామీ? శాస్త్రం చెప్పండి."

ఆమె ఒక మూల కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

లేదు. అలాంటి ప్రాయశ్చిత్తం ఏ గ్రంథంలోనూ లేదు. నేను కళ్లు మూసుకుని ఒక శ్లోకం చెప్పాను. అక్కడికక్కడ కట్టాను దాన్ని. నాలుగు పాదాలూ సరిగ్గా కుదిరాయి. చదువు దండగ పోలేదు. ఒక స్మృతిలో ఉందన్నాను. ఏ స్మృతి అని ఒక్కడు అడగలేదు. ప్రతి ఏకాదశికీ ద్వాదశి సూర్యోదయం వరకు నీరు కూడా తాకకూడదని దానికి అర్థం చెప్పాను. ఎన్నాళ్లు అని అడిగాడు పెద్దశెట్టి. ఏడాది అందామని నోటిదాకా వచ్చింది. సభ నిశ్శబ్దంగా ఉంది. ఏడాది అన్న మాట ఆ నిశ్శబ్దానికి చిన్నదిగా తోచింది. బతికున్నన్నాళ్లూ అన్నాను. సభ బాగా పండాలని, నా భార్య గొంతు ఎండగట్టాను.

ఆమె లేచి వచ్చి నా కాళ్లకు దండం పెట్టి ఒప్పుకుంది.

ఆ తరువాత ఆమె మళ్లీ ఏ జంతువునూ దగ్గరకు రానివ్వలేదు. పిల్లి గోడ దూకినా లోపలికి పోయేది. నా చేత్తో పెట్టింది తిని చచ్చిపోతాది అనేది. ఎండాకాలం ఏకాదశులు, జ్వరంతో ఏకాదశులు, పుట్టింట్లో చావు జరిగి ఏడ్చి ఏడ్చి వచ్చిన రోజు ఏకాదశి, అన్నీ నీళ్లు లేకుండానే గడిపింది. నేను ఎదురుగా కూర్చుని పాలు, పండ్లు తీసుకున్నాను. కొన్నేళ్లకు ఆమెకు నడుము పక్క నొప్పి మొదలైంది. మూత్రపిండాల్లో రాళ్లన్నాడు డాక్టరు. నీళ్లు బాగా తాగాలి, ఒక్కపూట కూడా మానకూడదన్నాడు. నేను స్వామి గొంతు తెచ్చుకుని, వయసు మళ్లినవాళ్లకు మినహాయింపు ఉందిలే, తాగు అన్నాను. "బతికున్నన్నాళ్లు అంటిరి గదా. ఇంకా బతికే ఉండా గదా," అంది. వెక్కిరింపు కూడా లేదు ఆ మాటలో. ఉంటే నాకు తేలికగా ఉండేది.

అప్పుడైనా చెప్పవచ్చు కదా? నోరు తెరిచేవాణ్ణి. ఆమె దృష్టిలో నేను ఇంకా స్వామినే. ఊళ్లో అందరూ మరిచిపోయారు, కూటం ఏనాడో చెదిరిపోయింది, నన్ను నమ్మే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఆ ఒక్క భక్తురాలిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె నొప్పితో గోడ పట్టుకుని నడుస్తుంటే చూస్తూ ఇలా లెక్క వేసుకున్న మనిషిని నేను.

పోయిన ఏకాదశి మధ్యాహ్నం బావి దగ్గర తూలి పడింది. పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. లేపి కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు తెచ్చాను. నోరు బిగించింది. అప్పుడు చెప్పాను. మొదట మైసూరుపాకు సంగతి వచ్చింది నోట్లోంచి, ఎందుకో తెలియదు. తరువాత కొట్టు, ఆకు, దశములు అన్నీ. శ్లోకం కట్టిన సంగతి చివర చెప్పాను.

ఆమె బావి పక్క రాతి మీద చెయ్యి పెట్టింది.

"అది ఇష్టంగా తినిందా?" అని అడిగింది.

"మొదట్లో తినింది. తరువాత తరువాత నేనే కుక్కినాను."

ఆమె చెంబు నా చేతిలోంచి తీసుకుంది. ఆగకుండా అంతా తాగింది. గొంతు కదలడం చూస్తూ నేను ఎదురుగా కూర్చున్నాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆమే మాట్లాడింది.

"నాకి చెప్పి అయిపోయిందనుకోవద్దండి. ఆ పొద్దు మిద్దె మీద ఉండినోళ్లందరికీ చెప్పండి. వాళ్ల లెక్కలో దాన్ని చంపింది నేనే."

అంతే. ఆ రోజు నుంచి ఆమె నీళ్లు తాగుతోంది, మందు వేసుకుంటోంది. నాతో అవసరమైన మాటలు మాట్లాడుతుంది. ఏమండి అనడం మానేసింది.

వెళ్లాను. పెద్దశెట్టి పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య ఉంది. అంతా విని, "ఇప్పుడేంటికప్పా అవన్నీ? దాసు మహాత్ముడు, నా కండ్లతో చూసినా," అంది. నన్ను కాఫీ తాగి పొమ్మంది. భజనలో తాళం వేసే ఆయన జయనగరంలో కొడుకు దగ్గర ఉన్నాడు. ఆయన చేతులు జోడించి, "మీ చేత ఆ మిఠాయి పెట్టించింది కూడా ఆ పైనుండే స్వామే. అంతా లీల," అన్నాడు. నేను కట్టిన శ్లోకం ఆయనకు ఇంకా నోటికి వచ్చు. నా ముందే చదివాడు, కళ్లలో నీళ్లతో. ఇంకొకావిడైతే నాకు మతి చెడిందనుకుని నా భార్యను పిలిపించి జాగ్రత్తలు చెప్పింది. వాళ్లకు నా మీద కోపం రావడం లేదు. నేను పెట్టిన ఆ రుచి వాళ్లు వదలరు. ఇంతమందిని ఇంత గట్టిగా చెడగొట్టగలిగినంత శక్తి నాకుందని అప్పట్లో తెలియదు.

అందుకని కాగితం మీద పెడుతున్నాను. పేరు వేయలేదు. వేస్తే ఒప్పుకున్న గొప్పవాడని ఇంకో దండ వేస్తారని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది కూడా సాకే. భయం, అంతే. ఆమె చెప్పిన పనిలో సగమే చేస్తున్నాను. పూర్తిగా చేసే మనిషినైతే ఇంతదూరం వచ్చేది కాదు. దేవుడు ఏమంటాడో నాకు తెలియదు. ఆయన తరఫున మాట్లాడటం మానేశాను.

ఆ మిద్దె మీద ఆ సాయంత్రం కూర్చున్నవాళ్లెవరైనా, వాళ్ల పిల్లలెవరైనా, మా పేటలో దాసు కథ విన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే వినండి. ఆ కుక్క ఏ ఏకాదశీ ఉండలేదు. దాని కడుపు చెడగొట్టింది నేను. రోగంతో ఉన్నదానికి ఇంటి గంజి పొయ్యవద్దన్నది నేను. పోసింది నా భార్య ఒక్కతే, అది తప్పు కాదు. ఆ శ్లోకం నాది. శాస్త్రంలో లేదు.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. ఆమె పక్క గదిలోనే ఉంది. వచ్చి చదివి వినిపించమని అడగలేదు.